చిటికెడు యూరియా

ఆదివారం. మార్గశిర పౌర్ణమి పోయిన మూడో రోజు. పొద్దున ఏడుంబావు. గోడ గడియారం చూశాను కాబట్టి ఇంత కచ్చితంగా చెబుతున్నాను. యాభై ఏడేళ్లు వచ్చేదాకా నాకు గడియారమూ రాదు, అక్షరమూ రాదు. రెండూ మా వీధి బడి పంతులమ్మ దగ్గర మధ్యాహ్నాలు కూర్చుని నేర్చుకున్నాను. అప్పటినుంచి ఏది జరిగినా గంట చూడటం అలవాటైపోయింది. ఆ ఏడుంబావుకు మా వదిన గోధుమ గడ్డి రసం గ్లాసు చేతిలోకి తీసుకుంది.

వదిన అంటే మా ఆయనకు అక్క. వెలిగండ్ల దగ్గర పల్లె ఆమెది. మొగుడు పోయి పన్నెండేళ్లయింది. పిల్లలు లేరు. రెండు గేదెలు పెట్టుకుని ఒక్కతే బతుకుతుంది, దర్జాగా బతుకుతుంది. ఎవరింటికి పోయినా మూడో రోజు నిలవదు. అలాంటి మనిషి వానాకాలంలో విషజ్వరం వచ్చి మంచం పట్టింది. గేదెలను పక్కింటివాళ్లకు అప్పగించి, మా ఆయన ఆటో మాట్లాడుకుని కంభానికి, మా ఇంటికి తీసుకొచ్చాడు. జ్వరం తగ్గింది. దానితోపాటు రక్తం కూడా తగ్గింది. మార్కాపురంలో డాక్టరు పరీక్ష చేయించి, రక్తం ఎనిమిది ఉంది, పది దాటేదాకా ఒంటరిగా ఉండొద్దు అన్నాడు. మాత్రలు రాశాడు. మా ఆయన ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు.

"పది దాటితే నేనే దిగబెడతాక్కా. అప్పటిదాకా గడప దాటేది లేదు."

"నీ ఇంట్లో ఖైదు చేసినావా ఏంది నన్ను?"

"అట్లే అనుకో."

ఇక వదినకు లోకంలో ఒకటే పని. పది దాటడం, తన ఇంటికి పోవడం. పొద్దున లేచి అద్దంలో కంటి రెప్ప కిందికి లాగి చూసుకునేది, ఎర్రబడిందా లేదా అని. నన్ను పిలిచి చూడమనేది. నేను ఉన్నదున్నట్టు, "తెల్లగానే ఉంది" అనేదాన్ని. ఆ మాటకు మధ్యాహ్నందాకా నాతో మాట్లాడేది కాదు.

దాచేదేముంది, ఆమెకూ నాకూ మొదటినుంచీ అంతంతమాత్రమే. కొట్లాటలేమీ లేవు. నేను పులుసు దించితే ఆమె గరిటె పెట్టి చూసి, ఇంకాసేపు పొయ్యి మీద పెడుతుంది. నేను ఆరేసిన బట్టలు దులిపి మళ్లీ ఆరేస్తుంది. నలభై ఏళ్లుగా ఇదే తంతు.

గోధుమ గడ్డి సంగతి మా కోడలు తెచ్చింది. ఫోనులో చూసిందట. ఇంట్లోనే ట్రేలో పెంచుకుని, కోసి, రసం తీసి తాగితే రక్తం పడుతుందని అందులో ఎవరో చెప్పారట. నేను నమ్మలేదు. కోడలు తెలివైంది. "మాత్రలు మానేది లేదు పెద్దమ్మా, ఇది పైన అదనం" అని వదినకు ముందే చెప్పింది. వదినకు మాత్రం ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది.

ఎదురింటి కిరాణా దుకాణం ఆవిడ గోధుమలు తూచి ఇస్తూ అడిగింది. "మర పట్టించేదానికేనా అక్కా?"

"కాదు, గడ్డికి."

"గడ్డికా? మీ ఇంట్లో గేదె లేదు గదా!"

నా వెనకనుంచి వదిన అందుకుంది. "గేదెను నేనే. రెండు పూటలా వేస్తారంట."

గోధుమలు మూడు నీళ్లు కడిగి, పగలంతా నానబెట్టి, పాత పంచె ముక్కలో మూట కట్టాము. తెల్లారేసరికి తెల్లటి ముక్కులు పొడుచుకొచ్చాయి. మా ఆయన చెరువు మట్టి బస్తా బండి మీద తెచ్చాడు. దాన్ని జల్లించి, రెండంగుళాల మందాన ట్రేలో పరిచి, పైన మొలకలు చల్లి, తడి గోనె కప్పాము. నీళ్లు మాత్రం బోరువి వద్దంది కోడలు. మా బోరు నీళ్లు తాగిన పళ్లు ఎలా ఉంటాయో మా ఊళ్లో ఎవరు నవ్వినా కనిపిస్తుంది. కొనుక్కునే క్యాన్ నీళ్లే చల్లాలంది.

మా ఆయన తల పట్టుకున్నాడు. "నేను అరవై ఏండ్లు బోరు నీళ్లు తాగితి. గడ్డికి క్యాను నీళ్లా?"

"నిన్ను కోసుకుని తాగరు గదా మామా" అంది కోడలు.

చేయవలసిన పనులన్నీ కోడలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, పెరటి గోడకు అంటించింది. నాకోసమే పెద్దగా రాసింది. నేను పై నాలుగు వరుసలు చదివాను. మిగతాది చదవలేదు. చదవడం రాక కాదు. చెరువు కింద నలభై కార్లు, అంటే నలభై పంటలు, వరి పెట్టినదాన్ని, గుప్పెడు గోధుమలు చల్లడానికి కాగితం చూడాలా అని పొగరు.

మొదటి ట్రే బూజు పట్టింది. నీళ్లు ఎక్కువ పోశాను. పారబోసి మళ్లీ చల్లాము. రెండో ట్రే ముచ్చటగా లేచింది. కానీ కాకులు పొడుస్తాయని వదిన గోనె తియ్యనివ్వలేదు. అయిదో రోజు నేనే లాగేసి చూస్తే, మొలకంతా పాలిపోయి పసుపు తిరిగి ఉంది.

వదిన ట్రే ముందు పీట వేసుకుని కూలబడింది. మా ఇళ్లలో పెళ్లికి ముందు మట్టి మూకుళ్లలో నవధాన్యాలు చల్లి మొలకెత్తిస్తారు. పాలికలంటాము. అవి నవనవలాడుతూ లేస్తే కాపురం బాగుంటుందని మురుస్తారు. పాలిపోతే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

"నా పెండ్లి పాలికలు ఇట్లనే లేచినాయి మే" అంది వదిన. "మా అమ్మ ఎవరికీ చూపీకుండా చెంగు కప్పి తీసకపోయింది. నాకు అప్పుడే తెల్సు. ఇప్పుడూ తెల్సు. నేను ఇంక ఆ ఇంటికి పోను."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నేను ఏదో ఒకటి అనేసేదాన్ని. ఊరకే ఆ గడ్డి మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, కూరలో ఉప్పు చాలిందో లేదో కూడా చెప్పకుండా లేచిపోయింది. నలభై ఏళ్లలో అలా ఎప్పుడూ లేవలేదు.

పైరు పసుపు తిరిగితే మేము ఏం చేస్తాము? వరికి చేసేదే చేశాను. కొట్టంలో మడికి వేయగా మిగిలిన యూరియా బస్తా అడుగున ఉంది. చిటికెడంటే చిటికెడు కాదు, గుప్పెట్లో సగం తీసి, చెంబు నీళ్లలో కరిగించి, ఆకంతా తడిసేట్టు చల్లాను. వదిన లోపల పడుకుని ఉంది. ఎవరూ చూడలేదు. చూసినా దాచేదాన్ని కాదు, అందులో దాచే సంగతి ఉందని నాకు తోచనే లేదు.

ట్రేను ఎండపొడ తగిలేచోట పెట్టాను. మూడో రోజుకు గడ్డి ముదురాకుపచ్చకు తిరిగింది. జానెడు లేచింది. ఎదురింటావిడ ఆ దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చూపించింది. వదిన ఇప్పుడు కూరలో ఉప్పు చాలలేదంటోంది. బట్టలు దులిపి మళ్లీ ఆరేస్తోంది. మంచం కింద సంచి తీసి చీరలు కూడా సర్దుకుంది.

మా ఆయన ఒక్కడే ట్రే ముందు నిలబడి గడ్డం గీరుకున్నాడు. "రెండో దఫా మందేసిన మడి మాదిరి ఉందే ఇది!"

"మట్టి బలం" అన్నాను నేను. అది అబద్ధమని అన్నాక తెలిసింది.

తొమ్మిదో రోజే ఆ ఆదివారం. చూడటానికి ఎదురింటావిడ కూడా మా పెరట్లోకి వచ్చింది. వదిన తలకు పోసుకుని వచ్చి, తనే కత్తెరతో మొదళ్లకు రెండు వేళ్ల పైన కోసింది. కోడలు కడిగి, ముక్కలు చేసి, మిక్సీలో వేసి, కాసిని నీళ్లు పోసి తిప్పింది. పల్చటి గుడ్డలో పిండింది. గ్లాసు సగందాకా చిక్కటి రసం దిగింది. పైన నురగ వచ్చి నిలబడింది.

ఆ నురగ చూశాక నాకు మా దూడ గుర్తుకొచ్చింది.

ఒకప్పుడు మాకో దూడ ఉండేది. గట్టు మీద యూరియా కలిపి పెట్టిన బకెట్లో మూతి పెట్టి నాలుగు గుక్కలు తాగింది. పొద్దు వాలకముందే కడుపుబ్బి, నోటివెంట నురగ కక్కి, నా ఒళ్లోనే పోయింది. మడిలో వేసిన యూరియాను భూమి తాగుతుంది, నీళ్లు కడుగుతాయి, గింజ ఇల్లు చేరేసరికి నెలలు పడుతుంది. ఇక్కడ రెండంగుళాల మట్టి. నాలుగే రోజులు. ఆకంతా తడిసేట్టు చల్లాను. మొత్తం పిండితే ఒక్క గ్లాసు. ఈ లెక్క నాకు అంతకుముందు ఎందుకు తట్టలేదో చెప్పలేను. కోసుకునేది మేమే అయినా, పైరును పైరుగానే చూశాను.

వదిన గ్లాసు కళ్లకద్దుకుంది.

"వదినా, తాగొద్దు."

"ఏం?"

"తాగొద్దంటున్నా గదా. పెట్టు కింద."

"ఏమే, నేను పోతానంటే నీకు బాధగా ఉందా ఏంది?" అని నవ్వి గ్లాసు ఎత్తింది.

నేను చేతిమీద కొట్టాను. సగం రసం ఆమె ఉతికిన చీర మీద పడింది. అందరూ నన్నే చూస్తున్నారు.

"దాంట్లో యూరియా ఉంది. నేనే ఏసినా."

మా ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నేను అప్పుడే అంటి" అన్నాడు. ఆ మనిషికి ఆ మాట అనకపోతే తోచదు.

వదిన గ్లాసు గట్టు మీద పెట్టింది. "ఎప్పుడేసినావు?"

"అయిదో దినం. పాలికలన్నావు గదా. అన్నం ఒదిలేసి లేచినావు గదా. నీ మొహం చూడలేక ఏసినా."

"నలభై ఏండ్లు చూసినావు. నాలుగు దినాలు చూడలేకపోతివా?"

కోడలు గోడ మీది కాగితం వైపు చూసింది. నేను వెళ్లి దాని ముందు నిలబడి, చివరి వరుస అందరికీ వినబడేట్టు, కూడబలుక్కుని చదివాను. ఎరువు గానీ మందు గానీ ఏదీ వేయకూడదు. చదవడం వచ్చినందుకు సిగ్గుపడింది ఆ ఒక్కసారే.

వదిన లోపలికి పోయింది. ఇక సంచి తీసుకుని వస్తుంది, ఏ బస్సో ఎక్కి పోతుంది, దారిలో ఎక్కడో కళ్లు తిరిగి పడుతుంది అనుకున్నాను. తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె చీర మార్చుకుని, గోధుమల డబ్బా చంకన పెట్టుకుని బయటికి వచ్చింది.

"ఎన్ని గుప్పిళ్లు నానబెట్టాల?" అని కోడలిని అడిగింది. తరువాత తమ్ముడి వైపు తిరిగింది. "రేయ్, ఇదిగో చెబుతుండా. ఈసారి ఇది పచ్చగా లేచినా, పాలిపోయినా, కోసిన నాడు నన్ను డాక్టరు దగ్గరికి తీసకపోవాల. ఆయన చెప్పేదే లెక్క. గడ్డి చెప్పేది కాదు, పాలికలు చెప్పేది కాదు."

"సరే అక్కా."

"నువ్వు ఊరకే సరే అంటావు. ఇంతమంది ముందర అను."

"ఇంతమంది ముందరే అంటున్నా గదా!"

ఎదురింటావిడ పక్కున నవ్వింది. దానితో కోడలు నవ్వింది. వదిన నవ్వలేదు. "మేకలు తిరిగే వీధి ఇది. ఆ గడ్డి అట్ల పారేయొద్దు. పార తేపో" అంది నాతో.

పెరటి మూల ఇద్దరమూ గుంత తీశాము. తీసింది నేను, ఆమె నిలబడి ఇంకా లోతు, ఇంకా లోతు అంది. ట్రేలో మట్టి, కోసిన గడ్డి, పిప్పి, గ్లాసులో మిగిలింది అన్నీ పూడ్చాము. పార నా చేతిలోంచి తీసుకుని, నేను సర్దిన మట్టినే మళ్లీ సర్దింది. నాకు ఆ పని చూస్తుంటే కడుపు నిండినట్టయింది.

"చెప్పకుంటే తాగేదాన్ని గదా" అంది మెల్లగా.

"తాగేదానివి."

"చెప్పినావులే" అంది.

మూడో ట్రే మధ్యస్తంగా లేచింది. కొసలు కాస్త పాలిపోయే ఉన్నాయి. వదిన వాటినీ కోసింది, తాగింది, పచ్చి పసరు వాసనని మొహం చిట్లించింది, నాకూ ఒక గుక్క పోసింది. చెప్పినట్టే ఆ రోజు మార్కాపురం పోయారు. రక్తం పదికి పైన చూపించింది. మాత్రలతోనా, గడ్డితోనా, నా చేతి అన్నంతోనా అంటే, నన్నడిగితే మాత్రలంటాను, వదిననడిగితే గడ్డి అంటుంది. అన్నం మాట ఇద్దరమూ ఎత్తము. మర్నాడే ఆమె తన ఇంట్లో తన పొయ్యి వెలిగించుకుంది. ఫోను చేసి, గేదెలను పక్కింటివాళ్లు సరిగా మేపలేదని అరగంట తిట్టింది. అంతసేపూ నేను ఊ కొట్టాను.

ఆ ఆదివారం మా పెరట్లో ఉన్నది వదిన, మా ఆయన, మా కోడలు, ఎదురింటి దుకాణం ఆవిడ, నేను. మా అబ్బాయి పని మీద పొదిలి పోయి ఉన్నాడు, కాబట్టి లేడు. మేము కూడా ఉన్నాము, గ్లాసు కింద పడటం కళ్లారా చూశాము అని చెప్పేవాళ్లు మా వీధిలో ఇప్పటికి పదిమంది దాకా తేలారు. గ్లాసు కింద పడనే లేదు. వాళ్లెవరూ అక్కడ లేరు.