గొడుగు తాత క్షవరం

మిర్యాలగూడలో సైదయ్య కటింగ్ షాపు తెరవగానే ముందు పేపరులో 'గొడుగు తాత' అనే కార్టూన్ బొమ్మల వరస చూస్తాడు. దాన్ని కత్తితో కోసి, గడ్డం సబ్బు నురగ రాసి అద్దం పక్కన అతికిస్తాడు. తాత ప్రతి గడిలోనూ మనకు వీపు చూపిస్తూ నడుస్తుంటాడు. ఆ బొమ్మలు గీసినాయన పోయి చాలా ఏళ్లయింది. పేపరువాళ్లు పాతవే మళ్లీ వేస్తున్నారు. సైదయ్య ఎవరితో మాట్లాడినా ముఖం చూడడు, చెవుల వెనక చూస్తాడు. అలాగే ఒకనాడు పాత బొమ్మనూ, పేపరులో మళ్లీ పడితే దాని పక్కన కొత్తగా అతికించిన అదే బొమ్మనూ చూసి, "తాత జుట్టు పెరుగుతున్నది," అన్నాడు. కుర్చీలో ఉన్న ఆటో ప్రేమ్‌కుమార్ నవ్వాడు. "గది తర్వాత సూద్దువు కాకా. నా ఎడమ చెవి ఎనక మళ్ల ఎంటికలు ఎగుడుదిగుడుగ మెట్టు వదిలినవ్, ఎప్పటిలెక్కనే." తర్వాత తనూ గోడకేసి చూశాడు. పాతదాంట్లో మెడ పైనే ఆగిన జుట్టు, కొత్తదాంట్లో కాలరు దాటింది.

రోజురోజుకీ అది భుజాల మీదికి దిగింది. "గీసెటాయన పోయినంక ఇగ ఎవరు పట్టిచ్చుకుంటరు నిన్ను?" అంటూ సైదయ్య ఒక సాయంత్రం ఖాళీ కుర్చీ మీద ఉతికిన గుడ్డ పరిచి, షట్టరుకు తాళం వేసి పోయాడు. తెల్లారి తాళం తీస్తే గుడ్డ నలిగి ఉంది. కుర్చీ కింద తెల్ల వెంట్రుకలు. ఆనాటి పేపరు విప్పాడు. తాత శుభ్రంగా క్షవరం చేయించుకుని గొడుగు ఊపుకుంటూ పోతున్నాడు. ఎడమ చెవి వెనక మాత్రం అదే చిన్న మెట్టు మిగిలింది.