సే పొనావో

పరాయి దేశంలోని వెర్రిబీ ఊళ్లో ఫహ్మీదా పనికి వెళ్లే ఇళ్లు చాలానే ఉన్నా, ఇష్టంగా వెళ్లేది మాత్రం స్టమాటియా ముసలమ్మ ఇంటికే. పెద్దవాళ్లకు స్నానం చేయించడం, బట్టలు తొడగడం, బిగుసుకుపోయిన కాళ్లూ చేతులూ ఆడించడం ఆమె ఉద్యోగం. ఎవరింటికి ఎప్పుడు వెళ్లాలో ఏజెన్సీ వాళ్లు చెబుతారు. ప్రొద్దుటూరులో పుట్టిన మనిషి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, డ్యూటీలో ఇంగ్లీషు. ఈ ముసలమ్మ పుణ్యమా అని వాటికి గ్రీకు కూడా తోడైంది.

స్టమాటియా పడుచుదనంలోనే గ్రీసు నుంచి వచ్చి, ఊరి చివరి పొలాల్లో కాలీఫ్లవర్లు కోసి కోసి మోకాళ్లు అరగదీసుకుంది. ఆమధ్య పక్షవాతం వచ్చి, ఇక్కడ నేర్చుకున్న ఇంగ్లీషంతా ఊడ్చుకుపోయింది. పుట్టిన భాష ఒక్కటే నోట మిగిలింది. కూతురు ఎలేని ఇక్కడే పుట్టింది. తల్లి మాటలు అర్థమవుతాయి గాని, జవాబు ఇంగ్లీషులోనే చెబుతుంది.

నర్సు వచ్చినప్పుడల్లా నొప్పికి పదికి ఎన్ని మార్కులని అడిగేది. నొప్పేమైనా లెక్కల పరీక్షా? ఆ ముసలమ్మకు ఒక్కో బాధకు ఒక్కో మాట ఉంది. చర్మం ఒరుసుకుంటే 'త్సూజి' అనేది, అంటే చురచుర. మంటైతే 'కేయి'. ఒకరోజు మోకాలు పట్టుకుని 'సువ్లియా' అంటే, పాపం సువ్లాకి తినాలనుందేమోనని ఫహ్మీదా ఊచకు గుచ్చి కాల్చిన మాంసం కొనుక్కొచ్చి పెట్టింది. ముసలమ్మ కాదనకుండా తిని, మూతి తుడుచుకుని, మళ్లీ మోకాలు చూపించి 'సువ్లియా' అంది. ఊచ గుచ్చినట్టుండే పోటని, మన శూలనొప్పి లాంటిదని అప్పుడు గాని తెలియలేదు. గుడ్డి కన్నా మెల్ల నయమన్నట్టు, ఆ కాస్త భాషతోనే పని నడిచేది.

కాలు ఎత్తే ముందు 'సే పొనావో?' అని అడగమని ఎలేని నేర్పింది. నిన్ను నొప్పిస్తున్నానా అని దాని అర్థం. ముసలమ్మ ఎప్పుడూ గడ్డం పైకెత్తి నాలుకతో 'త్సు' అనేది. అంటే లేదని.

రంజాను నెలలో వచ్చింది చిక్కు. ఒకరోజు ఎండ మండిపోతోంది. ఉపవాసంతో ఫహ్మీదా ముఖం పీక్కుపోయి ఉంది. ఆమె మామూలుగా కాలు పట్టుకుని 'సే పొనావో?' అని అడిగింది. ముసలమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, 'సే పొనావో' అంది.

ఫహ్మీదా పట్టుకున్న కాలు మెల్లగా దించేసింది. మన దగ్గర 'నొప్పి పుడుతోందా' అంటే 'పుడుతోంది' అనేగా జవాబు! అడిగిన మాటే తిరిగొస్తే అవునన్నట్టే. పైగా ఆ కన్నీళ్లొకటి. గోళ్లు మరీ పొట్టిగా కత్తిరించుకుంది. గాజులు తీసేసింది. వేణ్నీళ్లలో చేతులు ముంచి వెచ్చబెట్టుకుంది. అయినా ముసలమ్మ రోజూ అదే మాట, అవే కన్నీళ్లు. ఎవరికీ చెప్పుకోలేక తేలు కుట్టిన దొంగలా వారమంతా గడిపింది. తన చేతుల్లో మెత్తదనం పోయిందని బెంగ పట్టుకుంది. చివరికి ఏజెన్సీలో డ్యూటీలు వేసే హేమచంద్రకు ఫోన్ చేసి, నా వల్ల ఆమెకు నొప్పి పుడుతోంది, సోమవారం నుంచి ఇంకొకరిని పంపండి అని చెప్పేసింది. చెప్పి, కారులో కూర్చుని ఏడ్చింది.

శుక్రవారం ఎలేని వచ్చింది. చెప్పకుండా వెళ్లిపోవడం మర్యాద కాదు కదా, వంటింట్లోకి పిలిచి ఉన్నమాట చెప్పింది ఫహ్మీదా. ఎలేని తెల్లబోయింది.

"అమ్మ సరిగ్గా ఏమంది?"

"సే పొనావో అంది. రోజూ అంటోంది."

ఎలేని మెల్లగా చెప్పింది. "నువ్వు నొప్పిస్తే అమ్మ 'మే పొనాస్' అనాలి. 'సే పొనావో' అని నువ్వు అడిగితే, నిన్ను నొప్పిస్తున్నానా అని. అమ్మ తనంతట తాను అంటే, అదే మాటకు అర్థం వేరు. ప్రాణంలా చూసుకునే వాళ్లనే అలా అంటారు. నీ కష్టం చూస్తే నాకు నొప్పిగా ఉందమ్మా అని. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నాతో అనేది."

ఫహ్మీదాకు తన ఇంటి మాటే గుర్తొచ్చింది. ఉర్దూలో దర్ద్ అంటే నొప్పి. ఎదుటివాళ్ల నొప్పిని పంచుకునేవాళ్లు హమ్‌దర్ద్. చిన్నప్పటి నుంచీ ఆ మాట నోట్లో నానుతూనే ఉంది. కడుపు మాడ్చుకుని చాకిరీ చేస్తోందని తన కోసం ఒకరు వారమంతా కన్నీళ్లు పెట్టుకుంటే, తను పారిపోవడానికి సిద్ధపడింది. సిగ్గేసింది. దాని వెనకే ఎక్కడలేని సంతోషం పొంగుకొచ్చింది. అక్కడికక్కడే ఫోన్ తీసింది.

"సార్, సోమవారం డ్యూటీ మార్చద్దండి. స్టమాటియా ఇంటికి నేనే వస్తా."

"అదేంటండీ, ఆవిడకి పెయిన్ వస్తోందని మీరే కదా చేంజ్ చేయమన్నారు?" అన్నాడు హేమచంద్ర.

"నొప్పి ఉండాది సార్. అది ఆ నొప్పి కాదు."

"మరే నొప్పండీ? నర్స్‌కి రిపోర్ట్ చేయాలా?"

"వద్దు సార్, నర్సుకు తెలిసే నొప్పి కాదది. ఆమె మా ఆంటీ అనుకోండి."

"రిలేటివ్స్ అయితే అసలు డ్యూటీ వేయకూడదండీ, పాలసీ ఒప్పుకోదు. ఆల్రెడీ వేరే అమ్మాయికి చెప్పేశాను కూడా."

ఈ దేశం వచ్చాక ఆఫీసు వాళ్లు ఏం చెప్పినా 'ఎస్ సార్' తప్ప ఇంకో మాట ఎరగని మనిషి ఫహ్మీదా.

"ఆ పాలసీ ఏందో మీరే చూసుకోండి సార్. సోమవారం పొద్దున్నే వచ్చి నేను ఈ ఇంట్లోనే ఉంటా. ఎవురినన్నా పంపినారంటే తలుపు తీసేది లేదు."