సేవ్ కింద ఖాళీ బ్రాకెట్లు

మొన్న మంగళవారం లింగంపల్లిలో మా పాత టీమ్ లీడ్ సార్ పోయారు. గుండెపోటట. ఆఫీసులో అందరినీ నిలబెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. ఆ పని నాకు బాగా చేతనవును. పోయినేడాది నుంచీ అదే చేస్తున్నాను.

నాకు జావాలో ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆయనే. గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటో తలకెక్కేది కాదు. "వట్టి ఒప్పందం అది. గీ పనులన్ని చేస్తనని మాటియ్యాలె. ఎట్ల చేస్తవో నీ ఇష్టం," అనేవారు. మా ఇంటర్‌ఫేస్‌లో పన్నెండు పనులుండేవి. ప్రతి స్క్రీనుకూ పన్నెండూ రాయలేక మేం చస్తుంటే, ఆయన మధ్యలో ఒక బేస్ క్లాసు పెట్టి, అందరికీ పనికొచ్చేవి తనే రాసిపెట్టారు. "అన్నం, పప్పు నేను వండిన. కూర మీరు చేస్కోండ్రి."

సేవ్, అంటే కొట్టిన వివరాలు దాచే పని, ఒక్కటి మాత్రం రాయలేదు; అది ఎవరి స్క్రీనుకు వాళ్ళే రాసుకోవాలి.

"దాన్నీ ఖాళీగా పెట్టేయొచ్చు కదండీ?" అన్నాను.

"వద్దు. మీరు రాయకపోతే కంపైలర్ తిడ్తది. తిట్టనియ్. చెయ్యని పని చేసినట్టు నటించుడు కంటే అదే నయం."

కోడు సరిచూసే ఆ కంపైలర్ ఎవరి స్క్రీను మీద ఎర్రర్ చూపించినా, "మంచిగైంది, ఇప్పుడే చెప్పింది," అని కళ్ళద్దాలు తుడుచుకునేవారు.

పోయినేడాది క్లయింటుకి చూపించే డెమోకి ముందురోజు నా స్క్రీను కంపైల్ కాలేదు. సేవ్ రాయలేదు మరి. ఆయన బేస్ క్లాసు ఫైలు తెరిచి, సేవ్ కింద రెండు ఖాళీ బ్రాకెట్లు పెట్టేశాను; పని రాసినట్టే లెక్కేసుకుని కంపైలర్ తిట్టడం మానేసింది. తర్వాత నింపుదాంలే అనుకుని మరిచిపోయాను.

మర్నాడు క్లయింటు అరగంట కూర్చుని వివరాలన్నీ కొట్టి సేవ్ నొక్కాడు. ఎర్రర్ ఏమీ రాలేదు. మళ్ళీ తెరిస్తే అక్కడ ఏమీ లేదు. "ఎవరిదీ ఫైలు?" అని మేనేజరు అరిచాడు. పైన సార్ పేరుంది. సార్ నావంక ఒక్కసారి చూశారు.

"నాదే," అన్నారు.

నేను నోరు విప్పలేదు. నెల తిరక్కుండా ఆయన్ని ఉద్యోగంలోంచి పంపించేశారు. ఆ కుర్చీ నాకిచ్చారు. సిగ్గులేకుండా కూర్చున్నాను.

మౌనం అయ్యాక ఆ మేనేజరే "చాలా మంచి మనిషి" అన్నాడు. ఛీ అనిపించింది. అయినా అతణ్ణి అనడానికి నాకేం మొహముంది?

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. సార్ భార్య నన్ను గుర్తుపట్టారు. "గుంటూరు తమ్ముడివి నువ్వే కదా? ఎన్నడు నిన్ను ఒక్క మాట అననియ్యలే. 'పిల్లగాడు తొందరపడ్డడు, ఏదో ఒకనాడు వచ్చి తనే చెప్తడు' అంటుండె."

"అవునండీ," అన్నాను. చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. ఆయనకు చెప్పాల్సింది ఇప్పుడు ఇది చదివే మీకు చెబుతున్నాను. ఏం లాభం!

సోమవారం ఆఫీసుకొచ్చి డెమో నాటి పాత ఫైలు తెరిచాను. పైన ఇంకా ఆయన పేరే ఉంది. కింద, సేవ్ దగ్గర, నా రెండు బ్రాకెట్లు. మధ్యలో ఏమీ లేదు.