ముప్పైమూడు పక్కన గీత

తొంభైల మొదట్లో, ఒమాన్‌లోని ఖురియాత్ బస్సు షెడ్డులో మాకెదురుగా ఒక తెల్లాయన కాగితం మీద పేర్లు కొట్టేస్తున్నాడు. వయసు పైబడ్డవాళ్ళను కంపెనీ ఇంటికి పంపేస్తుందని సైట్‌లో పుకారు నడుస్తున్న రోజులు. దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి కదా, ఎదుటివాడి చిట్టాలో అంకెలు తలకిందులుగా చదవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. పేర్ల పక్కన ముప్పై దాటిన ప్రతి అంకె మీదా గీత పడుతోంది.

"అండ్ల ముప్పైమూడున్నదా తమ్మీ?" అన్నాడు మా రూమ్‌లో ఉండే వడ్రంగి మల్లన్న. పాస్‌పోర్టులో ఆయన వయసు అదే.

ఉంది. పెన్ను దాని దగ్గరే ఆగింది.

వచ్చీరాని ఇంగ్లీషులో బేరానికి దిగాను. "సార్, అంతా కొత్త బియ్యమైతే అన్నం ముద్దవుతుంది. కాస్త పాతవి కలపాలి."

అతను వింతగా చూశాడు. "నిజమే. కానీ మోకాళ్ళు పోయాయి" అంటూ తన మోకాలు తట్టి చూపించాడు.

మల్లన్న చటుక్కున లేచి నిలబడ్డాడు. ఆయన మోకాళ్ళ సంగతి ఇతనికెలా తెలిసిందో!

"ఒక్క ఏడాది ఉంచండి సార్. కుర్రాళ్ళకు పని నేర్పుతాడు."

ఆలోచించి, గీత కొట్టకుండా వదిలేశాడు. "అందరూ కుర్రాళ్ళయితే ఈ ఏడు ఓడిపోతాం, అందరూ పెద్దవాళ్ళయితే పై ఏడు" అన్నాడు.

ఓడిపోవడమేమిటి? నా మొహం చూసి, కాగితం మూల కోడిగుడ్డులాంటి బంతి గీశాడు. ఆ పేర్లన్నీ ఆస్ట్రేలియాలో వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్ళవట. అతను ఉత్త అభిమానేనట.

సరుకు నాది కాదు, దుకాణం అతనిది కాదు. అంత గట్టి బేరం మళ్ళీ ఆడలేదు.

"ఉంచిండా?" అన్నాడు మల్లన్న, ఇంకా నిలబడే.

"ఉంచిండన్నా. కూసో."

మల్లన్న మరో రెండేళ్ళు డ్యూటీ చేశాడు. ఆ ముప్పైమూడేళ్ళ ఆటగాడి సంగతే ఇప్పటికీ తెలియదు.