‘వరద శాఖ’ రాసిన జహంగీర్ భాయ్

జహంగీర్ భాయ్ ఇక లేరని ఆదివారం సాయంత్రం ఫోనులో విన్నాను. శుక్రవారం నమాజుకు వెళుతూ "సోమవారం కలుద్దాం సార్" అన్న మనిషి. గుండెపోటు. సోమవారం పొద్దున దేవరయాంజాల్‌లో జనాజా వెంట నడిచాను.

మేడ్చల్ ఆఫీసులో ఆయన నా పక్క సీటు గుమాస్తా. పాఠకలోకానికి ‘వరద శాఖ’ నవలాకారుడు. ఆయన్ని మేము ఎలా సాగనంపామో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను.

ఆ నవలలో మూసీ వరదతో విసిగిపోయిన నిజాం రాజధానిని శామీర్‌పేట చెరువు గట్టుకు మార్చేస్తాడు. చార్మినార్ చుట్టూ జొన్నచేలు, కండ్లకోయలో సచివాలయం. వరద బాధితుల కోసం పెట్టిన శాఖ మాత్రం, బాధితులు పోయి తరాలు గడిచినా మూతపడదు. గుమాస్తాలు రిటైరవుతారు, కొత్తవాళ్లు చేరతారు, నీటిమట్టం మీద రోజూ నివేదిక వెళుతుంది. "ఇదేం చోద్యం భాయ్, నీళ్లు ఎప్పుడో పోయాయిగా?" అని అడిగాను.

"నీళ్లు బోయినయ్ సార్. పోయినయని సంతకం బెట్టేటోడేడి? పెడితే నౌకరి బోతది గద," అన్నారు.

చరిత్రను అంత ధీమాగా మలుపు తిప్పిన కల్పనాశక్తి, ఆఫీసు బతుకును అంత నిశితంగా చూసిన దృష్టి ఒకే మనిషిలో కలవడం అపూర్వం. ఆ పుస్తకంలో తనను పోల్చుకుని మా సూపరింటెండెంటు కొన్నాళ్లు మొహం చాటేశారు. జహంగీర్ భాయే టీ పట్టుకుని ఆయన టేబుల్ దగ్గరికి వెళ్లారు. "పరేషాన్ గాకుండ్రి సార్, గా పుస్తకంల అందరికంటె మంచోడు మీరే," అన్నారు. భాయ్ వెక్కిరింతలో విషం ఉండేది కాదు.

మా ఆఫీసులో ఎవరు పోయినా ఒకటే ఆనవాయితీ: మధ్యాహ్నం సంతాప సభ, రెండు నిమిషాల మౌనం, ఆపైన సగం రోజు సెలవు. మంగళవారం సభకు ఆయన కూతురు నస్రీన్ నవల పట్టుకుని వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల.

"ఆఫీసోళ్లు ఒక్కసారన్న ఇనాలని అబ్బాజాన్‌కు మస్తు ఉండె అంకుల్. ఒక్క అధ్యాయం సదువుత, అరగంటల అయిపోతది," అని బతిమాలింది.

మౌనం అయ్యాక చదువుదువుగాని అన్నాను. మౌనం ముగిసిందో లేదో కుర్చీలు కదిలాయి. "జల్దీ నడువుండ్రి, కాలేజీ బస్సులొస్తే రోడ్డు జామైతది," అన్నారెవరో. బయట స్కూటర్లు స్టార్టయ్యాయి. ఆగండని ఒక్క మాట అనవలసిన వాణ్ని, సభ ఏర్పాటు చేసిందే నేను. అనలేదు.

ఖాళీ కుర్చీల మధ్య ఆ పిల్ల చదవడం మొదలుపెట్టింది. ఎంత చక్కటి వచనమది! రెండు పేజీలు దాటాయి. నేను ఇంటికి ఎక్కాల్సిన నాగారం బస్సు గుర్తొచ్చి, నాకు తెలియకుండానే వాచీ చూసుకున్నాను.

ఆమె చూసింది. మెల్లగా పుస్తకం మూసింది.

"మీరు గూడ పోండ్రి అంకుల్. అబ్బాజాన్ ఏమనుకోడు."

అనుకోరని నాకు తెలుసు. అందుకే తల ఎత్తలేకపోతున్నాను.

తెలుగు నవలకు తీరని లోటని పత్రికలు రాస్తున్నాయి. ఆ మాటకు చేతులు జోడిస్తున్నాను. మా నుంచి ఆయన కోరుకున్నది ఒక్క అరగంట. పక్క సీట్లో ఇన్నేళ్లు కూర్చున్న నేను కూడా ఇవ్వలేదు.