ఆరు వైపులా పేరు

ఇందుమూలముగా ఈ గల్ఫ్ దేశంలో హూరా గల్లీల్లోని సమస్త అట్టపెట్టెలకు, నైలాన్ తాళ్లకు, టేపు చుట్టలకు, మూత పోయిన నల్ల మార్కరు పెన్నులకు తెలియజేయునదేమనగా: మిమ్మల్ని మోకాలితో అదిమి, పళ్లు బిగబట్టి లాగి కట్టే మనిషి మొన్న శుక్రవారం పొద్దున కాలం చేశాడు. ఇకమీదట మీరు వదులుగా ఉండవచ్చును. విమానం దిగేలోపు విచ్చుకున్నా, మూలలు నలిగినా, పాలపొడి రాలినా అడిగే నాథుడు లేడు. ఇది అందరూ గమనించవలెను.

ఆ మనిషిని మేమంతా కాక అంటాం. ఇలాంటి చాటింపులు ఆయన దుకాణం ముందు నిలబడి చాలా వేశాను. టీలో చక్కెర తగ్గిందని ఒకటి, ఫ్యాను గాలి కఫీల్ వైపే, అదే కొట్టు సొంతదారు అరబ్బు వైపే తిరుగుతోందని ఒకటి. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినవాడికి అంతకంటే పెద్ద విద్య ఏం వస్తుంది? కాక మాత్రం ప్రతిసారీ నవ్వేవాడు. ఇది ఆఖరి చాటింపు. నవ్వేవాడు లేడు కాబట్టి ఇక ఉన్నమాట రాస్తాను. ఆయనకు నేను చెప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది. ఈ రాత దాని కోసమే.

కబురు వచ్చినప్పుడు నేను ఓవర్‌టైంకని వెళ్లి, సిత్రాలో రిఫైనరీ గేటు దగ్గర బస్సు దిగుతున్నాను. మా రూమువాళ్ల గ్రూపులో ‘కాక పోయిండు’ అని ఒక ముక్క పడింది. నేను నవ్వే బొమ్మ పెట్టాను. ఎందుకంటే బతికున్నవాళ్లను పోయారని పుకారు పుట్టించేది మా రూములో నేనే. ఈసారి నాకే తిప్పి కొడుతున్నారనుకున్నాను. తరువాత మెసేజ్ రాలేదు, ఫోను వచ్చింది. దుకాణం షట్టర్ ఎత్తుతూ ఎత్తుతూ అక్కడే కూలబడ్డాడట. ఆ నవ్వే బొమ్మ గ్రూపులో ఇంకా అలాగే ఉంది. తీసెయ్యమని అందరూ అన్నారు. తియ్యలేదు. ఉండనీ.

కాక నాకు చుట్టం కాదు. జగిత్యాల వైపు మా పక్క ఊరాయన. సిత్రాలో ముప్పై ఏళ్లు మేస్త్రిగా చేశాడు. ఆయిలు ట్యాంకుల చుట్టూ ఇనప పైపులతో మంచె కట్టే పని. ఆయన కట్టించిన మంచె ఎక్కితే, కింద చూడకుండా పని చేసుకోవచ్చు. వయసు దాటిందని కంపెనీ దండ వేసి, గోడ గడియారం చేతిలో పెట్టి ఖలాస్ అంది. అందరూ ఇంటికి పోతాడనుకున్నారు. ఆయన మూడు రోజులు ఇంటికి ఫోన్లు చేసి, నాలుగో రోజు హూరాలో ఒక ముసలి కఫీల్ దగ్గర మూతపడ్డ ఖర్జూరాల కొట్టు తీసుకున్నాడు.

‘ఏం పెడుతున్నవ్ కాకా?’ అంటే ‘కట్టుడు దుకాణం’ అన్నాడు. సెలవు మీద ఇంటికి పోయేవాళ్ల సామాను పెట్టెలో సర్ది, తూకం చూసి, తాడు కట్టి, పేరు రాసి ఇచ్చే దుకాణం. మేము పడీ పడీ నవ్వాం. పెట్టె కట్టుకోవడానికి కూడా దుకాణమా అని. కానీ చదివేవాళ్లలో దుబాయి పోయి వచ్చినవాళ్లుంటే (మా వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే) మీకు తెలుసు. మన చేత్తో మనం కట్టిన పెట్టె హైదరాబాదు ఎయిర్‌పోర్టులో బెల్టు మీద ఎలా వస్తుందో. అత్తకు కొన్న సబ్బు బావమరిది సెంటుతో కలిసి, దుప్పటి ఒక పక్క నుంచి నాలుక చాపుకుని వస్తుంది.

దుబాయికి రాకముందు కాక మూడు వ్యాపారాలు పెట్టి మూడూ ముంచుకున్నాడు. వాటి గురించి సిగ్గు లేకుండా చెప్పేవాడు. చదువు పూర్తి చేసినవాళ్లు కాలేజీల పేర్లు చెప్పినట్టు. తునికాకు కల్లం నడిపిన రెండేళ్లలో మిగిలింది ఏమీ లేదు గానీ, ఆకు నలగకుండా కట్ట బిగించే చెయ్యి వచ్చింది. ఆ చెయ్యే పెట్టె మీద పనిచేసేది. బస్టాపు ముందు టీ హోటలు పెడితే ఆర్టీసీ వాళ్లు బస్టాపు అవతలికి జరిపారు. అందుకే ఈసారి ఎయిర్‌పోర్టుకు పోయే దారిలోనే కొట్టు వెతికాడు. కిరాయి సైకిళ్ల దుకాణం సంగతి అడిగితే మాత్రం కాస్త ఆగేవాడు. పోయిన సైకిళ్లు తిరిగి రాలేదు.

‘పేరు ఒక్క దిక్కే రాసిన బిడ్డ. మడ్‌గార్డు మీద. మడ్‌గార్డు ఊడవీకితే ఎవని సైకిలో ఎవనికి ఎర్క?’

అందుకని పెట్టెకు ఆరు వైపులా పేరు రాసేవాడు. అడుగున కూడా. అడుగున ఎవడు చూస్తాడు కాకా అని ఎక్కిరిస్తే, ‘పెట్టె ఎట్ల పడ్డా నీ పేరే కనవడాలె’ అనేవాడు. అక్షరాలు గుండ్రంగా, ఒక్కొక్కటి అరచెయ్యంత ఉండేవి. పేరు, ఇంటిపేరు, ఊరు, మండలం. రాసేటప్పుడు నాలుక కొస బయటికి వచ్చేది. ఆయన బడికి పోయింది నాకంటే తక్కువే. ఆ రాత ఎక్కడ నేర్చాడో అడగలేదు.

ఇక నా తప్పు. దుకాణం పెట్టిన రెండు నెలలకు బోర్డు మీద ఫోన్ నంబరు రాయించాడు. కూలీలు ఉండే క్యాంపుల నుంచి ఆర్డర్లు వస్తాయని ఆశ. మూడు వారాలైనా ఒక్క ఫోనూ రాలేదు. ఆ ఫోనును దేవుడి పటం పక్కన పెట్టి, నిమిషానికోసారి చూసేవాడు. నాకు దురద పుట్టింది. రూమువాడి ఫోను తీసుకుని, మాట్లాడే చోట చేతిరుమాలు కప్పి, హిందీలో మొదలుపెట్టాను. అస్కర్ క్యాంపు సూపర్‌వైజర్‌ని అన్నాను. కాంట్రాక్టు అయిపోయింది, నలభై మంది ఒకేసారి ఇంటికి పోతున్నారు, శుక్రవారం పొద్దున బస్సులో సామాను తెస్తాం, అందరూ మీ తెలంగాణ వాళ్లే అన్నాను.

అవతల కాక కాగితం వెతుకుతున్న చప్పుడు వినిపించింది. పేర్లు ముందే చెప్తే రాసి పెడతానన్నాడు. నేను ఆ సంగతి ఆలోచించుకోలేదు. నలభై పేర్లు ఎక్కణ్నుంచి తెచ్చేది? నోటికి వచ్చిందల్లా తొమ్మిదో తరగతి హాజరు పట్టీ. రెండేళ్లు విన్నాను కదా, ఇంటిపేర్లతో సహా నోటికి వచ్చు. వరసగా అప్పజెప్పుతూ పోయాను. అలవాటున నడుమ నా పేరూ వచ్చేసింది. కాక ఆగాడు. ఇదే పేరుతో మావాడొకడున్నాడు భాయ్ అన్నాడు. ఇండియాలో ఒక పేరుకు వందమంది ఉంటారు, యల్లా, జల్దీ రాసుకో అన్నాను. సరే సరే అని రాసుకున్నాడు. ఫోను పెట్టేశాక మేము ముగ్గురం మంచాల మీద దొర్లాం.

శుక్రవారం ఎదురుగా ఉన్న కెఫెటేరియాలో కూర్చుని చూశాం. కాక ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. దుకాణం ముందు నలభై పెట్టెలు వరసగా నిలబెట్టాడు. ఒక్కో పెట్టెకు ఆరు వైపులా పేరు. పక్క సెలూను నుంచి కుర్చీలు అడిగి తెచ్చి వేశాడు, ఒక ఫ్లాస్కుతో చాయ్ కూడా. ఏ బస్సు మెల్లగా వచ్చినా లేచి నిలబడుతున్నాడు. మావాళ్లు కడుపులు పట్టుకున్నారు. జుమ్మా నమాజు అయింది, జనం వచ్చారు, పోయారు. రెండు సంచులతో నిజమైన గిరాకీ ఒకడు వస్తే, ఈ రోజు నలభై మంది పని ఉంది, రేపు రా అని పంపేశాడు. అప్పటికి మావాళ్లకు కూడా నవ్వు అయిపోయింది. లేచి పోయారు. నేను కూర్చునే ఉన్నాను. ఆ ఫోను వచ్చిన నంబరుకు ఆయన మళ్లీ మళ్లీ చేస్తున్నాడు. రూమువాడి ఆ ఫోను ఆపేసి నా జేబులోనే ఉంది. రోడ్డు దాటితే పది అడుగులు. దాటలేదు.

సాయంత్రం ఆయన పెట్టెలు లోపలికి మోసుకుంటుంటే అప్పుడు దాటాను. అప్పుడే వచ్చినవాడిలా, ఏమైంది కాకా అని అడిగాను. పెట్టెలు పట్టాను కూడా.

‘రాలె బిడ్డ’ అన్నాడు. ‘నలభై మంది. వాళ్లకేం ఆపతి వచ్చెనో ఏమో. ఫ్లైటే ఆగిందో, పాస్‌పోర్టులే ఇయ్యలేదో. ఎవరినన్న అడగాలె.’

వారం రోజులు అడిగాడు. అస్కర్ నుంచి వచ్చిన ప్రతివాడినీ. ఆఖరికి ఎవడో, నిన్ను ఆట పట్టించారు కాకా అని చెప్పాడు. ఆ తరువాత అడగడం మానేశాడు.

అంతటితో పోయినా బాగుండేది. కొన్ని నెలలకు అస్కర్ నుంచి నిజంగానే ఫోను వచ్చింది. నిజంగానే ఒక కాంట్రాక్టు అయిపోయింది, ఒక క్యాంపు క్యాంపే ఇంటికి పోతోంది. నేను ఆ రోజు దుకాణంలోనే ఉన్నాను. కాక అస్కర్ అనే మాట వినగానే, ‘ఖలాస్ భాయ్, ఒకసారి నవ్వుకున్నరు గద, చాలు’ అని పెట్టేశాడు. ఫోను మళ్లీ మోగింది. దాన్ని బోర్లా తిప్పి తాడు కోస్తూ కూర్చున్నాడు. అది నిజమేమో కాకా అని నేను అనవలసింది. అంటే, నీకెట్ల ఎర్క అంటాడేమోనని భయం. నోరు మూసుకున్నాను. నా జన్మలో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. ఆ క్యాంపు పని వేరే కొట్టుకు పోయింది. తరువాత కూడా కంపెనీల పనులన్నీ వాళ్లకే పోయాయి. కాక బోర్డు మీద నంబరుకు రంగు పూసేశాడు. మనిషి ముఖం చూస్తే తప్ప ఆర్డరు తీసుకోనన్నాడు. నాలుగో వ్యాపారం మునగలేదు గానీ, తేలనూ లేదు. దాని కాలికి రాయి కట్టింది నేను.

ఆ నలభై పెట్టెలు పారెయ్యలేదు. అతుకులు విప్పి, లోపలిది బయటికి తిప్పి మళ్లీ అంటించాడు. పాత పేర్లు లోపలికి పోయాయి, బయట కొత్త పేర్లు రాశాడు. ఏడాదంతా మనవాళ్లు ఆ పెట్టెలే తీసుకుపోయారు. నాతో చదివిన పిల్లల పేర్లు సబ్బుల కింద, పాలపొడి డబ్బాల కింద పడి, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలన్నీ తిరిగి ఉంటాయి.

ఆయన పోవడానికి మూడు వారాల ముందు నా సెలవు వచ్చింది. పొద్దున సామాను కాక దగ్గర పడేసి డ్యూటీకి పోయాను. సాయంత్రం వచ్చేసరికి పెట్టె మూసి, టేపు వేసి, తాడు బిగిస్తున్నాడు. దుకాణంలో మేమిద్దరమే. చెప్పేశాను. ఆ ఫోను నేనే చేశాను కాకా అన్నాను.

ఆయన తాడు వదల్లేదు. ముడి మీద నా వేలు పెట్టించుకుని రెండో ముడి వేశాడు.

‘ఆ దినమే ఎర్క బిడ్డ. గొంతైతే మార్చినవు గని, మాటకు ముందర దగ్గుడు మార్వకపోతివి’ అన్నాడు. తరువాత నవ్వి, ‘పోనీ తియ్యి, పెట్టెలైతే పనికొచ్చినై’ అని నాకు చాయ్ పోశాడు.

రిఫైనరీలో ప్లాంటు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ పని పడి నా సెలవు ఆగిపోయింది. పెట్టె నా మంచం కిందికి పోయింది. ఆయన కూడా పోయాడు.

కాకను ఇంటికి పంపేటప్పుడు కార్గో దగ్గర మేము నలుగురం ఉన్నాం. పొడుగాటి చెక్కపెట్టె. దానికి ఒక్క వైపే కాగితం అంటించారు, మిషను మీద అచ్చేసిన చిన్న అక్షరాలు. నా జేబులో మార్కరు ఉంది, దుకాణంలోంచి తెచ్చింది. మిగతా ఐదు వైపులా రాస్తానని అడిగాను. కార్గోవాడు మంచివాడే. ఒక్కటి చాలు భాయ్, ఈ పెట్టె బెల్టు మీదికి రాదు అన్నాడు. మార్కరు జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఇప్పటిదాకా రాసిందంతా జరిగినట్టే రాశాను, ఒక్కటి తప్ప. నేను ఆయనకు చెప్పలేదు. ఆ దగ్గు మాట, ఆ నవ్వు, పోనీ తియ్యి అనడం, చాయ్ పోయడం, అన్నీ నేను కల్పించినవే. ఆ సాయంత్రం నేను వేలు పెట్టింది నిజం, ఆయన ముడి వేసింది నిజం. నోరు తెరిచాను. వదులుంటే చెప్పు బిడ్డ అన్నాడు. గట్టిగనే ఉన్నది కాకా అన్నాను. అంతే మాట్లాడుకున్నది.

పెట్టె మంచం కింద ఉంది. అది ఆ నలభైలో ఒకటి. ముట్టుకుంటే తెలుస్తుంది, అతుకు తిప్పి అంటించినది. ఆరు వైపులా నా పేరు ఆయన చేత్తో రాసి ఉంది. లోపల ఎవరి పేరుందో తెలియదు. నలభైలో ఒకదానికి లోపల కూడా నా పేరే ఉంటుంది. అంతా తెలిసి నాకు ఏరి అదే ఇచ్చాడా, ఏమీ తెలియక చేతికి అందినది ఇచ్చాడా అన్నది తాడు కోస్తే తెలిసిపోతుంది. కత్తి తలగడ కింద పెట్టుకున్నాను. ఇంకా కొయ్యలేదు.