ఒక్క సొరకాయ, ముగ్గురు గిరాకులు

ఒకే సొరకాయను ముగ్గురికి అమ్మిన ఘనత నాది. అదీ విత్తనం మట్టిలో పడకముందే! కోరుట్లలో మా నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. బస్తా విప్పకుండానే సరుకు అమ్మడం మా బజారులో నేరం కాదు, నేర్పు. అయినా అసలు లేని సరుకును ముగ్గురికి అంటగట్టిన వాళ్లు నాకు తెలిసి ఇంకెవరూ లేరు.

నక్సలైట్ అన్నల బంద్‌లూ పోలీసు జీపులూ ఉన్న రోజులవి. మా ఆయన ఉద్యోగం కోసం చేరిన సిరిసిల్లలో కొత్తవాళ్లకు ఇల్లు కిరాయికివ్వాలంటే జంకేవారు. మా ఆయన బడిపంతులని చెప్పినా తలుపులు తెరుచుకోలేదు. చివరికి సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపించే ఒక ఇంటివాళ్లు వెనుక వాటా ఇచ్చారు, అదీ ఉగాది దాకానే. "ఉగాదికి మీ నడత సూసి చెప్త" అంది ఇంటామె. నేను ఆమె ముందు తల ఊపానే గాని, కళ్లు అప్పటికే వెనుక పెరట్లో ఉన్నాయి. నా జన్మలో నాకంటూ దొరికిన మొదటి జాగా అది!

మాఘమాసం వచ్చింది, చలి విరుగుతోంది. వేములవాడ మీదుగా బస్సెక్కి జగిత్యాలలో మా మేనత్త ఇంటికి పరుగెత్తాను. ఆమె పెరడు ఏ కాలంలోనూ ఖాళీగా ఉండదు.

"అత్తమ్మా, ఇప్పుడేం పెడితే లాభం?"

"లాభమేందే! చలి ఇరుగుతాంటే తీగెలు పెట్టాలె. సొర, బీర, కాకర. నీళ్లు దండిగుంటే బెండ, గోరుచిక్కుడు. కొత్తిమీర జోలికి పోకు, ఎండ తాకంగనే పూతకొస్తది."

"అన్నీ పెడ్త!"

"నీ పెరడెంతున్నదే?"

చేతులు చాచి చూపించాను.

"గంతదానికి సొర ఒక్కటి చాలు. పందిరెక్కిందంటే మీ ఇల్లంత కమ్ముతది."

దూలానికి వేలాడుతున్న ఎండు సొరబుర్రను దించి పగలగొట్టి, గింజలు నా అరచేతిలో పోసింది. అలవాటు చొప్పున "ఎంతకిస్తవ్?" అన్నాను.

"ఇత్తులకు పైసలు తీసుకుంటరే? తొలికాయ నాకు తెచ్చియ్యి. ఇత్తిచ్చినోల్లకు తొలికాయ ముడితేనే తీగె మంచిగ కాస్తది."

ఆమె మాట పూర్తి కాకముందే ఒప్పుకున్నాను. ఇంకా కాయని కాయ, ఎవరికిస్తే ఏం పోయింది? తిరుగు బస్సులో ఆ ఆలోచన నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. పైసా తీయకుండా బేరం కుదిర్చే సరుకు ఒకటి చేతికి దొరికింది!

మర్నాడే ఇంటామె దగ్గరికి పోయాను. "వదినె, మూలకున్న ఆ వెదురు బొంగులు, సాంచాల మీద మిగిలిన నూలు ఇయ్యరాదు? పందిరేసుకుంట. తొలికాయ నీకే." ఆమె మురిసిపోయి ఇచ్చింది. ఆ సాయంత్రం వెనుక సందులో బర్రెలున్న అవ్వ దగ్గర ఎరువుకని రెండు గంపల పెంట తెచ్చాను. ఆమెకూ తొలికాయే. అవ్వ నన్ను దీవించింది కూడా.

గింజలను తడిగుడ్డలో మూటగట్టి, చలికి ముడుచుకోకుండా పొయ్యి గట్టు మీద వెచ్చగా పెట్టాను. గంటకోసారి విప్పి చూస్తుంటే మా ఆయన "బిడ్డను కన్నట్టె చేస్తున్నవు" అని నవ్వాడు. తెల్లటి ముక్కు బయటికి పొడుచుకొచ్చిన రోజు ఆయన్ను బడికి పోనివ్వకుండా గుంట తవ్వించాను. ఎండ ముదిరేకొద్దీ తీగ నూలుదారాలు పట్టుకుని పైకి ఎగబాకింది. పొద్దుగూకే వేళ తెల్లపూలు విచ్చుకునేవి. వాటిలో ఒకదాని కింద వేలంత పిందె కనబడగానే ఎగిరి గంతేశాను. ఆ తర్వాత గాని గుర్తు రాలేదు, ఈ పిందెకు ముగ్గురు యజమానులున్నారని.

ఉగాది దగ్గరపడుతుంటే కాయ నిగనిగలాడింది. గోడ మీదుగా ఇంటామె "నా కాయ ఎంతయిందే?" అనేది. అవ్వ పెంటగంప దించి "నా కాయకు దిష్టి తగులుతది" అంటూ ఆకు కప్పి పోయేది. ఇద్దరూ ఒకేసారి రాకుండా చూసుకోవడమే నా పని.

అది కూడా సాగేదేమో గాని, పందిరి చూస్తానని అత్తమ్మ వచ్చింది. వచ్చిన మర్నాడే బంద్. బస్సుల్లేవు, అంగడి లేదు. తెల్లారితే ఉగాది. ఇంటామె కత్తి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. "పండుగకు ఇంట్ల కూరగాయ లేదు. నా తొలికాయ తెంపుకుంటున్న."

"నీ కాయెట్లయితది?" అంది వెనకే వచ్చిన అవ్వ. "పెంట నాది, తొలికాయ నాది."

పందిరి కింద కూర్చున్న అత్తమ్మ మెల్లగా తలెత్తి నన్ను చూసింది. ముగ్గురూ నన్నే చూశారు.

"మూడు ముక్కలు చేసి..." అని గొణిగాను.

ఇంటామె ముఖం గట్టిపడింది. "కాయ కాడనే గింత మోసమైతే మనుషుల కాడ ఎంతుంటదో! ఉగాది ఎల్లంగనే ఇల్లు ఖాళీ చేయి."

మళ్లీ ఆ గడపలన్నీ తిరగడం కళ్ల ముందు మెదిలింది. అత్తమ్మే లేచింది.

"తొలికాయ హక్కు ఇత్తిచ్చినోల్లది. అంటే నాది. నేను చెప్తున్న, దీన్ని ఎవ్వలు తెంపద్దు. ఇత్తుకు ఇడువుండ్రి. ఎండినంక మీరిద్దరు గింజలు పంచుకోండ్రి. వచ్చే మాఘంల మీ ఇండ్లల్ల గూడ పందిర్లుంటయి."

"మరి మాకు పందిరి ఎవలు కడతరు?" అంది ఇంటామె.

"ఇగో, గీ సావుకారు బిడ్డ కడతది. తప్పు చేసింది గదా, కట్టనియ్యి. అయితే వచ్చే మాఘం దాక ఆమె ఈడ ఉండాలె మరి."

ఇంటామె ఒక్క క్షణం ఆలోచించి, ఫక్కున నవ్వింది. "అబ్బ! కోరుట్లోల్లే బేరాలల్ల గట్టోల్లనుకున్న, జగిత్యాలోల్లు గూడ తక్కువేం గాదు" అని కత్తి తీసుకుని వెళ్లిపోయింది. ఖాళీ చేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు. అవ్వ మాత్రం పోతూ పోతూ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

ఇక లెక్క. బస్సు చార్జీలు పద్దెనిమిది రూపాయలు. పార ఇరవై ఆరు. నీళ్లు మోసి మోసి సొట్టబోయిన బిందెకు మాటు ఐదు. బంద్ నాడు చాటుగా కొన్న కందిపప్పు పన్నెండు. మొత్తం అరవై ఒకటి. జమ: ముదిరే కాయ తీగ బలమంతా తాగేయడంతో ఆ తర్వాత కాసిన కాసిన్ని కాయలు, అంగడి ధర ప్రకారం ముప్పై నాలుగు. ఇల్లు నిలబడింది గదా అంటారేమో. అది అత్తమ్మ బేరం, నా ఖాతాలో రాసుకోకూడదు. కాబట్టి నాకు నికరంగా ఇరవై ఏడు రూపాయల నష్టం, పైన ఒక మొట్టికాయ.